ఫ్రాస్ట్ మేజ్ లెవెల్ 38: ఒక్కో గైడ్ ఒక్కో మాట, ఏది నమ్మాలి?

మంచుపిట్ట
వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ క్లాసిక్ అనే ఆన్‌లైన్ ఆటలో మేజ్ (మంత్రగాడు) ఆడుతున్నాను. లెవెల్ 38. ఉన్న 29 టాలెంట్ పాయింట్లూ (శక్తులు పెంచుకునే పాయింట్లు) ఫ్రాస్ట్‌లోనే, అంటే మంచు విద్యలోనే పెట్టాను. మంచు స్పెల్స్ మీద ఇష్టంతోనే మేజ్‌ని ఎంచుకున్నాను మరి. ఇప్పుడు అన్ని వైపుల నుంచీ తలనొప్పే. ఒక గైడ్‌లో ఐస్ లాన్స్ కొట్టు, వాటర్ ఎలిమెంటల్‌ని పిలువు అని ఉంది. మా ట్రైనర్ దగ్గర ఆ పేర్లే లేవు. స్కార్లెట్ మొనాస్టరీ డంజన్‌కి గ్రూప్‌తో వెళ్తే, శత్రువుల దెబ్బలు తన మీదికి లాక్కునే ట్యాంక్ నా మీద అరిచాడు, శత్రువులు ఎక్కడివాళ్లక్కడ గడ్డకట్టేసి తన దగ్గరికి రావట్లేదట. గడ్డకట్టించడమే కదా ఫ్రాస్ట్ మేజ్ పని! పైగా ప్రతి గుంపు తర్వాతా, స్పెల్స్‌కి ఖర్చయ్యే మానా నింపుకోవడానికి కూర్చుని నీళ్లు తాగాల్సి వస్తోంది. ఇక గిల్డ్‌లో (మా ఆటగాళ్ల సంఘంలో) వాళ్లు ఫైర్‌కి, అంటే నిప్పు విద్యకి మారిపో అంటున్నారు. నాకు మారాలని లేదు. ఫ్రాస్ట్‌తోనే 60కి వెళ్తే రెయిడ్‌లో (చాలామంది కలిసి పెద్ద బాస్‌లని కొట్టే చోట) చోటు ఉంటుందా? లేక ఇప్పుడే మారడం మంచిదా?

పాతకాపు_60
ముందు ఆ గైడ్ ఏ కాలం నాటిదో చూడండి. ఐస్ లాన్స్, వాటర్ ఎలిమెంటల్ రెండూ 2007లో బర్నింగ్ క్రూసేడ్‌తో వచ్చాయి. ఐస్ లాన్స్ నేర్చుకోవాలంటే లెవెల్ 66 కావాలి, మీ ఆట 60 దగ్గరే ఆగిపోతుంది. ఫింగర్స్ ఆఫ్ ఫ్రాస్ట్, డీప్ ఫ్రీజ్ అనే మాటలు కనిపిస్తే ఆ గైడ్ ఇంకా తర్వాతది, 2008 నాటి లిచ్ కింగ్ విస్తరణది. పేరు ఒకటే, ఫ్రాస్ట్ మేజ్. ఆట మాత్రం వేరు.

నిప్పురవ్వ
మారిపో బ్రో. ఫైర్‌లో క్రిట్ (మామూలుకన్నా పెద్ద దెబ్బ) పడితే ఇగ్నైట్ అంటుకుంటుంది, క్రిట్ డ్యామేజ్‌లో 40 శాతం అదనంగా కాలుతుంది. ఒకసారి ఆ అంకె చూస్తే మళ్లీ మంచు వైపు చూడవు.

రాతిగోడ
ట్యాంక్‌గా చెబుతున్నా, ఆ ట్యాంక్ అరవకుండా ఉండాల్సింది. కానీ అతని బాధ నిజమే. నీ టాలెంట్లలో ఫ్రాస్ట్‌బైట్ ఉందా? నీ చల్లదనం తగిలిన వాటిని 15 శాతం అవకాశంతో 5 సెకన్లు నిలబెట్టేసేది?

మంచుపిట్ట
ఉంది రాతిగోడ అన్నా, మూడుకి మూడు పాయింట్లు పెట్టాను. ఒంటరిగా ఆడేటప్పుడు చాలాసార్లు ప్రాణం కాపాడింది.

రాతిగోడ
అదే అసలు సంగతి. కాళ్లు గడ్డకట్టిన శత్రువు కదల్లేడు గానీ కొట్టగలడు. తన చేతికి అందేంత దూరంలో ఎవరుంటే వాళ్లనే కొడతాడు, నేను ఎంత రెచ్చగొట్టినా నా దగ్గరికి రాలేడు. వాడు హీలర్ పక్కన ఆగిపోయాడనుకో, నా టాంట్ వృథా. ఇంకోటి చెప్పు, ఒంటి మీద ఏ ఆర్మర్ వేసుకుంటున్నావు?

మంచుపిట్ట
ఐస్ ఆర్మర్.

రాతిగోడ
దొరికింది. నిన్ను కొట్టిన వాడికి ఐస్ ఆర్మర్ చల్లదనం అంటిస్తుంది. ఆ చల్లదనం నుంచి కూడా ఫ్రాస్ట్‌బైట్ పుడుతుంది. అంటే నీ మీదికి వచ్చినవాడు నీ పక్కనే గడ్డకట్టి నిన్నే బాదుతూ ఉంటాడు, నేను అవతల నుంచి చూస్తూ ఉండాలి. లెవెల్ 34లో మేజ్ ఆర్మర్ వచ్చి ఉంటుంది. డంజన్‌లో అది వేసుకో. స్పెల్ వేస్తున్నప్పుడు కూడా మానా తిరిగి రావడం 30 శాతం మేర నడుస్తూనే ఉంటుంది, అంటే నీ రెండో బాధకి కూడా కొంత మందు.

జలధార
హీలర్ వైపు నుంచి ఒక మాట. స్కార్లెట్ మొనాస్టరీలో శత్రువుల్లో ఎక్కువమంది మనుషులే, ప్రాణం అయిపోతుండగా పరుగెత్తి పక్క గదిలోని గుంపుని వెంటేసుకుని వస్తారు. నా గ్రూప్‌లు చచ్చిపోయిన సందర్భాల్లో సగానికి పైగా ఇలాంటి పారిపోయినవాడి వల్లే. ఫ్రాస్ట్‌బోల్ట్ తగిలినవాడి వేగం 40 శాతం పడిపోతుంది, పర్మాఫ్రాస్ట్ టాలెంట్ ఉంటే ఇంకో 10. వాడు తలుపు దాటేలోపే పని అయిపోతుంది. ఫైర్ మేజ్ ఉన్న గ్రూప్‌లో ఆ పరుగుని ఆపడానికి ఎవరో ఒకరు గుర్తుపెట్టుకుని చేయాలి. ఫ్రాస్ట్ మేజ్ ఉంటే దానంతట అదే జరిగిపోతుంది. నాకు ఫ్రాస్ట్ మేజే కావాలి, ట్యాంక్‌లు ఏమన్నా సరే.

రాతిగోడ
జలధార చెప్పింది ఒప్పుకుంటా. నాకు ఫ్రాస్ట్‌బోల్ట్‌తో గొడవ లేదు, ఫ్రాస్ట్‌బైట్‌తోనే. ఆ, గుంపు మధ్యలోకి వచ్చి, చుట్టూ ఉన్నవాళ్ల కాళ్లు గడ్డకట్టించే ఫ్రాస్ట్ నోవా పేల్చేవాళ్లతో కూడా.

గొర్రెలకాపరి
నేను కష్టపడి గొర్రెగా మార్చి పక్కన పెట్టినవాడి మీద బ్లిజార్డ్ (మంచువాన) కురిపించి విడిపించేసేవాళ్లతో నాకూ గొడవే 😭

నిప్పురవ్వ
నా మాటకి ఎవరూ జవాబు చెప్పలేదు. 60లో ఫైర్ డ్యామేజ్ ఎక్కువా కాదా?

పాతకాపు_60
ఏ రెయిడ్‌లో అన్నదాని మీద ఉంటుంది. మోల్టెన్ కోర్ అంతా లావా, నిప్పు జీవులు. బారన్ గెడ్డన్‌కీ, రాగ్నరోస్‌కీ నిప్పు అసలు పట్టదు. నీ ఫైర్‌బాల్ వెళ్లి తగిలితే తెర మీద ‘ఇమ్యూన్’ అని పడుతుంది, అంతే. తర్వాతి బ్లాక్‌వింగ్ లెయిర్‌లో కూడా నిప్పుని తట్టుకునేవాళ్లు ఎక్కువ. అందుకే మొదటి రెండు పెద్ద రెయిడ్‌లలో మేజ్‌లందరూ ఫ్రాస్ట్‌తోనే వస్తారు. అన్‌కిరాజ్ గుడి తెరుచుకున్నాక లెక్క తిరగబడుతుంది, అక్కడ ఫైర్‌కి అడ్డు లేదు. క్రిట్ అవకాశం పెంచే గేర్ (ఆయుధాలు, దుస్తులు) కూడా అప్పటికి చేతికి వచ్చి ఉంటుంది, ఐదు క్రిట్‌ల దాకా ఒకదాని మీద ఒకటి పేరుకునే ఇగ్నైట్ అసలు బలం అప్పుడు కనిపిస్తుంది. అంటే నువ్వు చెప్పింది నిజం, కానీ ఆట రెండో సగానికి.

నిప్పురవ్వ
అతను ఇంకా 38లో ఉన్నాడు. మోల్టెన్ కోర్ కబుర్లు ఇప్పుడెందుకు?

పాతకాపు_60
రెయిడ్‌లో చోటు ఉంటుందా అని అడిగింది అతనే. ఉంటుంది, మొదటి రోజు నుంచే ఉంటుంది అని చెబుతున్నా.

శీతలాక్షి
లెవెల్ పెంచుకోవడానికి ఫైర్ మంచిదా ఫ్రాస్ట్ మంచిదా అన్నదాన్ని ఒక్కో శత్రువుని ఎంత వేగంగా చంపుతున్నాం అన్న లెక్కలో చూస్తే ఫ్రాస్ట్ ఎప్పుడూ చిన్నగానే కనిపిస్తుంది. ఫ్రాస్ట్ గొప్పతనం ఒకేసారి గుంపుని చంపడంలో ఉంది. నేను ఈ పద్ధతితోనే పైకి వచ్చాను, నాకు ఈ ఆటలో ఇంతకన్నా ఇష్టమైన పని లేదు, అందుకని కొంచెం వివరంగా రాస్తాను.

చేతితో కొట్టే శత్రువులు దగ్గర దగ్గరగా ఉన్న చోటు చూసుకోవాలి. దూరం నుంచి బాణాలు వేసేవాళ్లు, మంత్రాలు వేసేవాళ్లు ఒక్కరున్నా ఆ చోటు వద్దు, వాళ్లు నీ మంచులోకి నడిచి రారు, అక్కడే నిలబడి కొడతారు. గుంపుని పోగుచేసి, వాళ్లు చుట్టూ చేరగానే ఫ్రాస్ట్ నోవా. 8 సెకన్లు కాళ్లు కట్టేస్తుంది. వెంటనే బ్లింక్‌తో బయటపడి, వెనక్కి తిరిగి బ్లిజార్డ్. దెబ్బ తగిలేకొద్దీ కొందరు నోవా తెంచుకుని వస్తారు, రానీ. ఇంప్రూవ్డ్ బ్లిజార్డ్ మూడు పాయింట్లు ఉంటే వాళ్ల వేగం 65 శాతం తగ్గిపోయి ఉంటుంది. మామూలుగా ఆ నెమ్మది సెకనున్నరే ఉంటుంది, పర్మాఫ్రాస్ట్ దానికి 3 సెకన్లు కలుపుతుంది. ఈ 3 సెకన్లే ప్రాణం. పర్మాఫ్రాస్ట్ లేని మేజ్ బ్లిజార్డ్ ఆపగానే గుంపు మీదికి వచ్చేస్తుంది, ఉన్న మేజ్‌కి నాలుగడుగులు వెనక్కి వేసి మళ్లీ మొదలుపెట్టే సమయం దొరుకుతుంది. వాళ్లు చేతికందేంత దగ్గరికి వస్తే కోన్ ఆఫ్ కోల్డ్, ఇంకాస్త వెనక్కి, మళ్లీ బ్లిజార్డ్. ఈలోపు నోవా తిరిగి సిద్ధమవుతుంది. చివర్లో అందరూ కొనప్రాణంతో ఉన్నప్పుడు ఆర్కేన్ ఎక్స్‌ప్లోషన్.

ఇక్కడ కూడా ఫ్రాస్ట్‌బైట్ వద్దు, కానీ కారణం వేరే. గుంపులో ఇద్దరు గడ్డకట్టి వెనకబడితే గుంపు చెదిరిపోతుంది. బ్లిజార్డ్ అందరి మీదా పడదు. అందరూ ఒకే వేగంతో, ఒకే ముద్దగా రావాలి.

నిప్పురవ్వ
ఇది వినడానికి బాగుంది. ఒక్క పొరపాటుకి చావే కదా?

శీతలాక్షి
అవును, మొదట్లో చావులు ఉంటాయి. అందుకే ఐస్ బ్లాక్ ఉంది. 10 సెకన్లు ఎవరూ ముట్టుకోలేరు, ఆలోపు నోవా కూల్‌డౌన్ (మళ్లీ వాడేందుకు ఆగాల్సిన సమయం) కూడా కొంత గడుస్తుంది. అది 5 నిమిషాలకోసారే గానీ కోల్డ్ స్నాప్ ఉంటే మంచు స్పెల్స్ కూల్‌డౌన్లన్నీ అక్కడికక్కడే పూర్తవుతాయి, ఇంకో ఐస్ బ్లాక్ చేతికొస్తుంది.

మంచుపిట్ట
శీతలాక్షి గారూ, ఇది ఎక్కడ మొదలుపెట్టాలి?

శీతలాక్షి
44 దాటాక జుల్‌ఫరాక్ డంజన్‌లో శ్మశానం ఉంది, సమాధుల్లోంచి జాంబీలు లేస్తాయి, ఫ్రాస్ట్ మేజ్ కోసమే పెట్టినట్టుంటుంది. 50 దాటాక వెస్టర్న్ ప్లేగ్‌లాండ్స్‌లోని పొలాలు. అప్పటిదాకా బయట మామూలు శత్రువులతో ముగ్గురు నలుగురిని పట్టి చేయి అలవాటు చేసుకోండి. ఒకేసారి పెద్ద గుంపుకి పోవద్దు.

గొర్రెలకాపరి
ఫ్రాస్ట్‌బైట్ మొత్తం పనికిరాదు అన్నట్టు మాట్లాడుతున్నారు అందరూ. మనుషులతో పోట్లాటలో అది బంగారం. యుద్ధభూమిలో వారియర్ మీదికి దూకాడనుకోండి, ఐస్ ఆర్మర్ తగిలి వాడు నిలిచిపోయాడా, నోవా ఖర్చు కాకుండా తప్పించుకున్నట్టే. పైగా గడ్డకట్టిన ప్రతిసారీ షాటర్‌కి అవకాశం.

చీకటిదొంగ
రోగ్ ఆడేవాడిగా దీనికి సాక్ష్యం చెబుతా. నాకు అన్నిటికన్నా విసుగు తెప్పించేది ఫ్రాస్ట్ మేజే. వానిష్ (మాయమయ్యే విద్య) వాడితే నోవా ఊడిపోతుంది గానీ, వానిష్ ఒకటే, వాళ్ల దగ్గర కాళ్లు కట్టేసేవి బోలెడు.

మంచుపిట్ట
షాటర్ అంటే గడ్డకట్టిన శత్రువు మీద క్రిట్ అవకాశం పెరగడమే కదా? నేను నోవా వేసి ఫ్రాస్ట్‌బోల్ట్ కొడుతున్నాను, ఒక్కటి తగలగానే నోవా తెగిపోతోంది. రెండోదానికి ఫలితం ఉండట్లేదు.

గొర్రెలకాపరి
ఐదు పాయింట్లు పెడితే 50 శాతం పెరుగుతుంది. ఐస్ షార్డ్స్ కూడా నిండుగా ఉంటే మంచు క్రిట్ మామూలు క్రిట్‌లా ఒకటిన్నర రెట్లు కాకుండా రెండు రెట్లు పడుతుంది. ఇక మీ ప్రశ్న: ఫ్రాస్ట్‌బోల్ట్ గాల్లో ప్రయాణించడానికి సమయం తీసుకుంటుంది. నోవా వేసి కొంచెం దూరం జరిగి ఫ్రాస్ట్‌బోల్ట్ వేయండి. అది చేతిలోంచి వదిలిన మరుక్షణం, అది ఇంకా గాల్లో ఉండగానే, కోన్ ఆఫ్ కోల్డ్ గానీ ఫైర్ బ్లాస్ట్ గానీ నొక్కండి. రెండూ దాదాపు ఒకేసారి తగులుతాయి, శత్రువు ఇంకా గడ్డకట్టి ఉన్నట్టే లెక్క, రెండిటికీ 50 శాతం. దూరం ముఖ్యం. మరీ దగ్గరగా ఉంటే బోల్ట్ ముందే తగిలేస్తుంది, మరీ దూరమైతే కోన్ అందదు.

మంచుపిట్ట
అబ్బ! ఇది ఏ గైడ్‌లోనూ ఇంత సూటిగా లేదు.

చీకటిదొంగ
శత్రువు రహస్యం కూడా చెబుతా, ఉంచుకో. నేను నీ ఫ్రాస్ట్‌బోల్ట్‌ని కిక్‌తో ఆపితే 5 సెకన్లు నీ మంచు స్పెల్స్ మొత్తం మూతపడతాయి. నోవా లేదు, ఐస్ బ్లాక్ కూడా లేదు. ఫ్రాస్ట్ మేజ్‌లని నేను చంపేది ఈ 5 సెకన్లలోనే. భయపడి నోవా బటన్‌నే నొక్కుతూ కూర్చుంటారు చాలామంది. బ్లింక్ ఆర్కేన్ (మేజ్‌ల మూడో విద్య), గొర్రెని చేయడం కూడా ఆర్కేన్, ఫైర్ బ్లాస్ట్ నిప్పు. అవన్నీ తెరిచే ఉంటాయి. తెలివైన మేజ్ అయితే ఫ్రాస్ట్‌బోల్ట్ మొదలుపెట్టి మధ్యలో తనే ఆపేస్తాడు, నేను తొందరపడి కిక్ వేసేసుంటాను. తర్వాత 10 సెకన్లు కిక్ రాదు, ఇక నన్ను దేవుడే కాపాడాలి.

జలధార
డ్రూయిడ్‌లతో జాగ్రత్త. రూపం మార్చగానే నీ నోవా, నీ నెమ్మది అన్నీ పోతాయి. నా డ్రూయిడ్‌తో నేను అదే చేస్తా.

పాతకాపు_60
మానా సంగతి ఎవరూ పూర్తిగా చెప్పలేదు. ఈ ఆటలో మానా ఖర్చుపెట్టిన తర్వాత 5 సెకన్ల దాకా స్పిరిట్ అనే గుణం వల్ల వచ్చే మానా ఆగిపోతుంది. అందుకని శత్రువుకి ప్రాణం కొంచెమే ఉన్నప్పుడు ఇంకో ఫ్రాస్ట్‌బోల్ట్ వేయకుండా వాండ్‌తో (మానా అక్కర్లేని మంత్రదండంతో) ముగించండి. ఆ కాసేపట్లో మానా తిరిగి రావడం మొదలవుతుంది. మానా నింపే ఎవొకేషన్‌ని 8 నిమిషాలకోసారి వాడుకోవచ్చు, దాచిపెట్టుకుని కూర్చోవద్దు. ఫ్రాస్ట్ చానెలింగ్ మూడు పాయింట్లు పెట్టారా? మంచు స్పెల్స్ ఖర్చు 15 శాతం తగ్గుతుంది, పైగా మీ మీద పడే త్రెట్ (శత్రువు కోపం) కూడా తగ్గుతుంది. ట్యాంక్‌లు దీవిస్తారు.

రాతిగోడ
దీవిస్తాం.

శీతలాక్షి
పాతకాపు గారి మాటకి ఒకటి కలుపుతా. ఎవరినైనా నెమ్మదించడానికి మాత్రమే ఫ్రాస్ట్‌బోల్ట్ కావాలంటే మొదటి ర్యాంక్ ఫ్రాస్ట్‌బోల్ట్ కూడా చాలు. అదీ వేగం 40 శాతమే తగ్గిస్తుంది, మానా మాత్రం నామమాత్రం. నెమ్మది అంత సేపు నిలవదు, అంతే తేడా. బ్లిజార్డ్ మొదటి ర్యాంక్ కూడా అంతే. నా బార్ మీద రెండు ర్యాంకులూ పక్కపక్కనే ఉంటాయి.

నిప్పురవ్వ
సరే, ఒప్పుకున్నాను. 60 దాకా ఫ్రాస్ట్‌తో వెళ్లొచ్చు. కానీ మోల్టెన్ కోర్‌కి ఇదే టాలెంట్ల అమరికతో వస్తే ఎవరూ తీసుకోరు. బ్లిజార్డ్, పర్మాఫ్రాస్ట్ టాలెంట్లు బాస్ మీద దండగ.

పాతకాపు_60
అది నిజం. బాస్ నెమ్మదించడు, గడ్డకట్టడు. షాటర్ అక్కడ సున్నా. 60లో 51 పాయింట్లు ఉంటాయి, రెయిడ్‌కి రెండు దారులు. ఆర్కేన్‌లో 31 పెట్టి, డ్యామేజ్ పెంచే ఆర్కేన్ పవర్ తీసుకుని, మిగిలిన 20 ఫ్రాస్ట్‌లో పెట్టడం ఒకటి. ఆర్కేన్‌లో 17, ఫ్రాస్ట్‌లో 34 పెట్టి వింటర్స్ చిల్ తీసుకోవడం ఇంకొకటి. వింటర్స్ చిల్ బాస్ మీద ఐదు పొరలు పేరుకుంటే ఆ బాస్ మీద మంచు స్పెల్స్ వేసే అందరికీ క్రిట్ 10 శాతం పెరుగుతుంది. రెయిడ్‌లో ఇది ఒకరి దగ్గర ఉండాలి. అందరి దగ్గరా అక్కర్లేదు.

గొర్రెలకాపరి
ఆ ఒక్కరు ఎవరన్నదే మా గిల్డ్‌లో పెద్ద గొడవ. అందరికీ ఆర్కేన్ పవర్ కావాలి.

మంచుపిట్ట
నాకు వింటర్స్ చిల్ మేజ్ అవ్వాలని ఉంది. మిగతా మేజ్‌లందరి దెబ్బలో నా భాగం ఉన్నట్టే కదా.

గొర్రెలకాపరి
మా గిల్డ్‌కి వచ్చేయండి.

రాతిగోడ
టాలెంట్లు తీసేసి మళ్లీ పెట్టుకోవడం మొదటిసారి 1 గోల్డ్, తర్వాత 5, తర్వాత 10, అలా పెరుగుతూ 50 దాకా పోతుంది. కాబట్టి ఫ్రాస్ట్‌బైట్ ఒక్కటి తీయడానికి ఇప్పుడే పరుగెత్తొద్దు. 40కి గుర్రం కొనాలి, ఆ డబ్బు దాచుకో. డంజన్‌లో మేజ్ ఆర్మర్‌తో సర్దుకుపో, 60కి వెళ్లాక ఒకేసారి మార్చు.

శీతలాక్షి
గుంపులు చంపాలని ఉంటే మాత్రం నేను మొదటిసారి 1 గోల్డ్ ఇప్పుడే పెట్టమంటాను. ఆ డబ్బు జాంబీల దగ్గర త్వరగానే తిరిగి వచ్చేస్తుంది.

రాతిగోడ
గుర్రం ముందు.

మంచుపిట్ట
ఇద్దరి మాటా వింటాను, గుర్రం కొన్న మర్నాడే మార్చేస్తాను. గేర్ గురించి చివరిగా ఒక్కటి. ఇంటెలెక్ట్ ఎక్కువున్న వస్తువు తీసుకోవాలా, ‘ఆఫ్ ఫ్రోజెన్ వ్రాత్’ అని ఉన్నవి కనిపిస్తున్నాయి, అవి తీసుకోవాలా?

పాతకాపు_60
ఫ్రోజెన్ వ్రాత్ ఉన్నవి మంచు స్పెల్స్ డ్యామేజ్ మాత్రమే పెంచుతాయి, మీకది సరిపోతుంది. లెవెల్ పెంచుకునేటప్పుడు మాత్రం ఇంటెలెక్ట్, స్టామినా ముందు, ఎందుకంటే గుంపులతో ఆడేటప్పుడు మానా కొలనూ ప్రాణమూ పెద్దవిగా ఉండాలి. ఒక ఇంటెలెక్ట్‌కి 15 మానా. 60లో రెయిడ్ గేర్ దగ్గరికి వచ్చేసరికి వరుస మారుతుంది: మొదట హిట్, అంటే స్పెల్ తగిలే అవకాశం. బాస్‌లు లెవెల్ 63తో సమానం, వాళ్ల మీద స్పెల్ 17 శాతం తప్పిపోతుంది. ఎంత గేర్ పెట్టినా చివరి 1 శాతం పోదు, కాబట్టి 16 పూడ్చాలి. ఎలిమెంటల్ ప్రెసిషన్ టాలెంట్ 6 ఇస్తుంది. మిగిలిన 10 గేర్ నుంచి. అది నిండేదాకా మిగతావాటి కోసం ఆరాటపడొద్దు.

నిప్పురవ్వ
ఎలిమెంటల్ ప్రెసిషన్ నిప్పుకి కూడా పనిచేస్తుంది అని రాయండి 🔥

పాతకాపు_60
పనిచేస్తుంది. ఫైర్ మేజ్‌లు కూడా ఆ మూడు పాయింట్ల కోసం మా ఫ్రాస్ట్ టాలెంట్ల చెట్టు దగ్గరికి వస్తారు.

మంచుపిట్ట
ఈ రాత్రికి 39 అయిపోతుంది. 40లో ఐస్ బ్యారియర్ (దెబ్బలు ఆపే మంచు కవచం) వస్తుందిగా, దాన్ని ఎప్పుడు వేసుకోవాలి? దెబ్బలు పడుతున్నప్పుడా?

శీతలాక్షి
ముందే. బ్యారియర్ ఒక నిమిషం ఉంటుంది, కూల్‌డౌన్ 30 సెకన్లే. గుంపు మీదికి వెళ్లడానికి అర నిమిషం ముందు వేసుకుంటే, పోరు మొదలయ్యేసరికి రెండోది సిద్ధంగా ఉంటుంది, మొదటిది ఇంకా ఒంటి మీదే ఉంటుంది. అది నిలిచి ఉన్నంతసేపు దెబ్బలు తగిలినా మీ స్పెల్ వెనక్కి జరగదు, బ్లిజార్డ్ పూర్తిగా కురుస్తుంది. మొదటిది పగలగానే రెండోది నొక్కండి, ఆలోచించొద్దు.